బొక్కల గిర్ని

కోతల నెల, సోమారం

గిర్ని బెల్టు మళ్లీ తెగింది. పొద్దంతా దాన్ని కుట్టడంతోనే సరిపోయింది. ఒళ్లు హూనమైంది. ఇంటికొచ్చి కూలబడితే మణికట్టుకున్న ఈ చిట్టా కూస్తుంది. పని దిగాక ప్రతివాళ్లూ దీనికి నాలుగు మాటలు చెప్పాలట. మనిషి పోయాకే తెరిచి వింటారట. ఉన్నప్పుడు వినని వాళ్లు పోయాక విని ఏం ఉద్ధరిస్తారో గానీ, చెప్పమన్నారు, చెబుతున్నాను.

నా పేరు కొమురమ్మ. నా పని ఎముకలు పిండి చేయడం. మా ఊరు ఎర్రమిట్టలో ప్రతి గుమ్మానికీ ఒక సంచి వేలాడుతుంది. తిన్నవాళ్లు తిన్నట్టు ఎముకలు కడిగి అందులో వేయాలి. కొరికినా, దాచినా దొంగతనమే. ఆ సంచులన్నీ బండిమీద నా దగ్గరికి వస్తాయి. నేను ఆడించిన పిండి గడ్డి మళ్లకు పోతుంది. ఈ నేలలో సున్నం లేదు. పిండి చల్లకపోతే నీలిగడ్డి పాలిపోతుంది, పాలిపోయిన గడ్డి తిన్న గొర్రె కాళ్లు మడతపడతాయి. గొర్రె పడిపోతే మన పని అయిపోయినట్టే, ఇక్కడ తినేది దాని మాంసం ఒక్కటే. మనుషులు పోయినా అంతే, ఎముకలు మళ్లకే. మా ఆయన్ని కూడా అక్కడికే పంపాను, ఆడించింది నేనే.

గిర్నిలోకి నేను తప్ప ఎవరూ రాకూడదు. నేను బయటికి వెళ్తే గేటు దగ్గర నన్ను చీపురుతో దులిపి, ఆ దుమ్మును కూడా సంచిలోకి ఎత్తుకుంటారు. రోజుకు ఒకసారి ఆ మర్యాద చాలు. అందుకే మధ్యాహ్నం గొర్రె కూర లోపలే తింటాను. పళ్ల కింద కరకరలాడుతుంది. ఇన్నేళ్లకు ఆ కరకర లేకపోతేనే తిన్నట్టు ఉండదు.

కోతల నెల, బేస్తవారం

నా బిడ్డ రజితకు తుమ్మితే పక్కటెముక చిట్లింది.

అది నీటి కేంద్రంలో పనిచేస్తుంది. శుభ్రంగా ఉండే పని, దానికి తగ్గట్టే ఉంటుంది. గిర్ని దుమ్మంటే చిన్నప్పటి నుంచీ ముక్కు మూసుకుంటుంది. ఇప్పుడు ఐదో నెల. దవాఖానలో గోడకు ఆనుకొని నిలబడి, నొప్పితో నవ్వలేక నవ్వుతోంది.

"తుమ్మితే బొక్క ఇరుగుడేందమ్మా? ఎవలన్న ఇంటే నవ్వుతరు."

ఎవరూ నవ్వరు. పోయిన నెల వెనక వాడలో ఒకామె తలుపు గడియ తీయబోయి చెయ్యి విరగ్గొట్టుకుంది. ఊళ్లో సగం మంది కట్లతోనే తిరుగుతున్నారు. నాకు భయం పక్కటెముక గురించి కాదు. డాక్టర్ హారిక నన్ను పక్కకు పిలిచి చెప్పిన దాని గురించి.

"పెద్దమ్మా, రజిత ఎన్నుపూసలల్ల గూడ ఒకటి కుంగింది. లోపలున్న పిల్లకు బొక్కలు గావాలె గద. తల్లి బొక్కలు కరిగే పోతయ్ దానికి."

"కూర మంచిగనే తింటుంది గద డాక్టరమ్మా. మెత్తటి ముక్కలన్నీ దానికే పెడుతున్నం."

"మాంసంల బలం ఉన్నది. సున్నం లేదు. మాంసం చెడ్డదని కాదు, అదొక్కటే తింటే సాలదు. ఎనకట మనోళ్లు ఆకులు తిన్నరు, పాలు తాగిన్రు. ఇక్కడ ఆకు తింటే ఇసం, పాలు తాగితే కక్కుడు. ఎండ గూడ ఎండ గాదాయె."

"గొర్రెకున్నది గద సున్నం?"

"ఉన్నది. బొక్కలల్ల ఉన్నది. అవి నీ గిర్నికొచ్చి మళ్లకు పోతున్నయ్." హారిక గొంతు తగ్గించింది. "ఇట్లనే ఉంటే కాన్పయినంక రజిత నడుస్తదని నేను చెప్పలేను."

వెనక వాడలో ఒకింటి కోడలు రెండో కాన్పు తర్వాత మంచం దిగలేదు. ఆమెకు నా బిడ్డ వయసే.

ఇంటికి వచ్చే దారిలో రజిత పాత పాటే పాడింది. గిర్ని పని తల్లి తర్వాత కూతురిది, అది ఇక్కడి కట్టుబాటు. ఇంకెవరూ ఒప్పుకోక అలా పెట్టారు. "పెద్దమనిషికి చెప్పి నా పేరు తీసెయ్యించమ్మా. నాతోని గాదు ఆ దుమ్ముల."

"నేను బతికున్నన్ని రోజులు నిన్ను ఆ గడప తొక్కనియ్య, సరేనా?" అన్నాను. చిన్నప్పటి నుంచీ దానికి ఈ మాట ఇస్తూనే ఉన్నాను.

కోతల నెల, శనివారం

సంచి ఎత్తుకొని గిర్ని మెట్ల మీది నుంచి పడ్డాను. పైమెట్టు నుంచి కింది దాకా దొర్లాను. బండివాళ్లు, గేటువాళ్లు, నీళ్లకు పోయే ఆడవాళ్లు అందరూ చూశారు. ఎవరో "అయ్యో, సచ్చెరా ముసల్ది" అన్నారు కూడా.

నేను లేచాను. మోకాలు గీరుకుపోయింది, అంతే. భుజాలు దులుపుకొని సంచి మళ్లీ ఎత్తుకున్నాను. అప్పుడు చూశాను వాళ్ల ముఖాలు. పడ్డప్పుడు ఉన్న జాలి లేచేసరికి లేదు. మా పక్కింటి ఆమె చెయ్యి కట్టులో ఉంది. ఆమె నా కాళ్ల వైపు చూసి, తన చేతి వైపు చూసుకొని వెళ్లిపోయింది. సాయంత్రం బండివాడు సంచులు దించుతూ "నీదేం పెయ్యి కొమురక్కా, ఇనుమా?" అన్నాడు. మామూలుగా అయితే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. వాడు నవ్వకుండా అన్నాడు కాబట్టి ఊరుకున్నాను.

కోతల నెల, మంగళారం

పెద్దమనిషి బుచ్చిరాములు నన్ను దవాఖానకు పిలిపించాడు. అతని కుడిచెయ్యి మెడకు వేలాడుతోంది, మొన్న మళ్ల గట్టు మీద జారాడు. చెడ్డవాడు కాదు. పాలిపోయిన గడ్డిని చూసి కన్నీళ్లు పెట్టుకునే రకం. అలాంటివాడికి కోపం వస్తే ఇంకా కష్టం.

హారిక నన్ను మిషన్ మీద పడుకోబెట్టి ఎముకలు చూసింది. రెండోసారి చూసింది. మిషన్ చెడిందేమోనని తన చెయ్యి పెట్టి చూసుకుంది. తర్వాత తెర మా వైపు తిప్పింది. ఊళ్లో పాతికేళ్ల పిల్లల ఎముకలు పురుగు తొలిచిన కట్టెల్లా ఉంటే, అరవై దగ్గర పడిన నావి గట్టిగా, తెల్లగా ఉన్నాయి.

"నీ ఒక్కదానికే గిట్లెందుకున్నయ్ కొమురమ్మా?" అన్నాడు బుచ్చిరాములు.

"నాకేం ఎరుక? దేవుడిచ్చిండు."

"దేవుడు పిండి ఇయ్యడు. పిండి నీ చేతులల్ల ఉన్నది."

నేను గబుక్కున భుజాలు తడుముకున్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అంటారు. గుమ్మడికాయ ఎలా ఉంటుందో ఈ నేలమీద పుట్టిన వాళ్లెవరూ చూడలేదు, సామెత మాత్రం నా కోసమే మిగిలినట్టుంది. భుజాల మీద నిజంగానే దుమ్ముంది. గేటులో దులిపినా పూర్తిగా పోదు.

ఆ దుమ్మును చూస్తుంటే తట్టింది. నా కూరలో కరకర. తల మీద, చేతుల మీద, గిన్నెలో, రోజూ ఇంతింత, ముప్పై ఏళ్లుగా.

"నేను తినలేదన్నా. దుమ్మే నా కూర మీద పడ్డది," అన్నాను.

బుచ్చిరాములు మొహం తిప్పుకున్నాడు. హారిక మాత్రం కన్నార్పకుండా నా వైపే చూసింది.

కోతల నెల, బేస్తవారం

పంచాయితీ అయింది. నోరు నొప్పి పుట్టేదాకా మాట్లాడాను.

హారిక నా పక్షాన లేచింది. "పెద్దమ్మ చెప్పేది నిజమే కావచ్చు. రోజూ చిటికెడు పిండి కూరల కలిపితే అందరికీ మంచిదే. అందరికీ కుదరకపోతే కడుపుతోని ఉన్నోళ్లకన్న ఇద్దాం."

బుచ్చిరాములు వెంటనే కాదనలేదు. తల పట్టుకొని కూర్చున్నాడు. ఆ తర్వాత అన్నాడు, "తూర్పు మళ్లల్ల గడ్డి ఇప్పటికే తెల్లబడ్డది డాక్టరమ్మా. పోయిన ఈతల పుట్టిన గొర్రెపిల్లల కాళ్లు చూసినవ్ గద, వంకర. చిటికెడు చిటికెడు అందరం తింటే మళ్లకేం మిగుల్తది? ఇయ్యాల కడుపుతోని ఉన్నోళ్లంటవ్. రేపు పిల్లలంటవ్, ఎల్లుండి ముసలోళ్లంటవ్. కాదనే ధైర్యం నాకుంటదా? గొర్రె పడిపోతే మన నోట్లెకు ఏం పోతది?"

ఎవడైనా దుర్మార్గుడు వద్దంటే తిట్టిపోయడం సులువు. ఇతను చెప్పేదీ నిజమే, అదే నా ఖర్మ.

"ఈతలు కానీ, గడ్డి తేరుకుంటే అప్పుడు మళ్ల మాట్లాడుదాం," అని తేల్చాడు. ఈతలకు ముందే రజిత కాన్పు. "దుమ్ము పడ్డదనే మాట నిజమైతే అది గూడ మళ్లకు పోవాల్సిందే గద? వచ్చే సోమారం సంది గిర్నిల తిండి బంద్. మూతికి గుడ్డ కట్టుకోవాలె. ఆ మాట అబద్ధమైతే దొంగతనం. సోమారం లోపల ఏదో ఒకటి ఒప్పుకో కొమురమ్మా."

నిజం చెప్పి నేను సాధించింది ఇది. కూర మీద పడే ఆ కాస్త దుమ్మును కూడా పోగొట్టుకున్నాను.

కోతల నెల, ఐతారం

రజిత ఇంటికి పోయాను. మంచం మీద పక్కకు తిరగడానికి అల్లుడు పట్టుకోవాల్సి వస్తోంది. నన్ను చూసి లేవబోయి, నడుం పట్టుకొని ఆగిపోయింది. "నొస్తలేదమ్మా," అంది. అబద్ధం చెప్పడం దానికి చిన్నప్పటి నుంచీ రాదు.

దానికి మెత్తటి ముక్కలు ఏరి పెట్టాను. గౌరవమని, ప్రేమని మనం కడుపుతో ఉన్నవాళ్లకు ఎముక తగలకుండా పెడతాం.

దానికి చిటికెడు పిండి ఎలా తేవాలి? గేటులో ఇప్పుడు ఇద్దరు దులుపుతున్నారు, కొంగు విప్పి చూస్తున్నారు, నోరు కడిగిస్తున్నారు. గిర్నిలోకి దాన్ని రానివ్వరు. రానిచ్చేది గిర్ని మనిషిని ఒక్కదాన్నే.

ఆ మాట అనుకున్న చోటే ఆగిపోయాను. మంచం పక్కన కూర్చొని మళ్లీ మళ్లీ అనుకున్నాను. నేను దొంగనైతే నన్ను తీసేస్తారు. నన్ను తీసేస్తే కట్టుబాటు ప్రకారం రజిత రావాలి. నేను పిడికిళ్లతో తిన్నానంటే దుమ్ము మాట అబద్ధమవుతుంది. దుమ్ము మాట అబద్ధమైతే గిర్నిలో తిండి బంద్ చేయాల్సిన పని ఉండదు.

దొంగకు శిక్ష ఏమిటో అందరికీ తెలుసు. గుట్ట అవతలి దొడ్ల దగ్గర గొర్రెలు కాయాలి, మళ్లీ ఊళ్లోకి రాకూడదు. పోయాక మళ్లు ఎక్కరు, ఇసుకలో పూడ్చేస్తారు. మా ఆయన ఉన్న మడి పడమటి గట్టు పక్కది. నేనూ అక్కడికే పోతానని ఇన్నాళ్లూ ధైర్యంగా ఉన్నాను. ఇక పోను. ఏడుపొచ్చింది. రజిత చూసి "నాకేం కాదమ్మా" అని నా చెయ్యి పట్టుకుంది.

రజితకు చెప్పలేను. చెబితే పంచాయితీకి పోయి అరిచి నిజం కక్కేస్తుంది. అది నా బిడ్డే కదా.

కోతల నెల, సోమారం

అయిపోయింది.

"దుమ్ము గిమ్ము ఏం లేదన్నా," అన్నాను అందరి ముందు. "మొన్న భయపడి అబద్ధమాడిన. పిండే బుక్కిన. ఏండ్ల సంది బుక్కుతున్న."

అందరూ ఒక్కసారే మాట్లాడారు. నా పక్కింటి ఆమె తన కట్టు చెయ్యి ఎత్తి చూపించి, నన్ను ఏమేం అనాలో అన్నీ అంది. నేను తల వంచుకొని విన్నాను. ఆమె స్థానంలో ఉంటే నేనూ అనేదాన్ని, ఇంకా ఎక్కువే అనేదాన్ని.

"గేటుకాడ దొరకలేదెందుకు?" అన్నాడు బండివాడు.

"ఎత్తుకపోతే గద దొరికేది? ఆడనే బుక్కిన."

బుచ్చిరాములు నా ముఖంలోకి చూడలేకపోయాడు. దొడ్లకు పొమ్మని శిక్ష చెప్పాడు. ఎల్లుండి నుంచి గిర్ని రజితది అన్నాడు. నేను పెద్దగా వద్దని మొత్తుకున్నాను. మొత్తుకోకపోతే అనుమానపడతారు. అయితే నిజం చెప్పాలంటే సగం నిజంగానే మొత్తుకున్నాను.

అప్పుడు అతను హారికను అడిగాడు. "మరి గిర్నిల తిండి బంద్ పెట్టాల్నా, వద్దా?"

హారిక నన్ను చూసింది. ఆ పిల్లకు అంతా అర్థమైందని ఆ చూపులోనే తెలిసింది.

"ఎందుకు?" అంది హారిక. "దొంగ దొరికె గద. సంచులు తూకం పెట్టి ఇయ్యున్రి, తూకం పెట్టి తీసుకోన్రి. కడుపుతోని ఉన్న పిల్లను తిండి కోసం మెట్లెక్కుడు దిగుడు చేపియ్యొద్దు."

బయటికి వచ్చేటప్పుడు నా పక్కనే నడిచింది. "దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది గాదు పెద్దమ్మా," అంది మెల్లగా.

"ఎరుకే. నేను ముప్పై ఏండ్లు దగ్గిన."

"నీవి గూడ ఇగ మెత్తబడతయ్. ఎక్కువ రోజులు పట్టది."

"పండ్లరిగేదాక కొరికిన, ఇంకెన్నాళ్లు గని. నువ్వు రజిత ఎన్ను చూసుకో బిడ్డా," అన్నాను.

కోతల నెల, బుధారం

గిర్ని అప్పగించాను. రజిత మెట్లు ఒక్కొక్కటే పట్టుకొని ఎక్కింది. నన్ను పట్టుకోనివ్వలేదు.

బెల్టు ఎక్కడ తెగుతుందో, రాయి ఎప్పుడు వేడెక్కుతుందో చూపించాను. అది వింటోంది కానీ నా వైపు చూడడం లేదు. చివరికి అడగనే అడిగింది.

"నిజంగ బుక్కినవా?"

"బుక్కిన."

"నా నడుమిరిగింది ఎరుకయ్యి గూడ?"

"ఊఁ."

"ఒక్క చిటికెడు నాకు తేబుద్ధి గాలేదా నీకు? ఒక్కదానివే బుక్కినవా?"

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. నోటి దాకా వచ్చింది, మింగాను. "గాలేదు," అన్నాను.

అది ఏడవలేదు. ముక్కుకూ నోటికీ కలిపి గుడ్డ కట్టుకొని వెనక్కు తిరిగింది.

"ముక్కుకే కట్టుకో. నోటికి గూడ కడితే ఊపిరాడదు, ఒట్టి మనిషివి గాదు," అన్నాను. అంత కోపంలో కూడా గుడ్డ పైకి జరుపుకుంది. తల్లి మీద కోపం ఉన్నా పనిలో తల్లి మాట వింటుంది, అది దాని గుణం.

మూలన దాని కూరగిన్నె ఉంది. దుమ్ము పడకుండా గట్టి మూత పెట్టి, దాని మీద గుడ్డ చుట్టి తెచ్చుకుంది. నేను వెళ్లి గుడ్డ విప్పి, మూత తీసి కొంగులో పెట్టుకున్నాను.

"గదెందుకు?"

"నేను కొన్నదే గద మూత. దొడ్లకాడ ఈగలుంటయ్, నాకు గావాలె."

అది నన్ను చూసిన చూపు ఎవరికీ వద్దు. "గీ మూతకు గూడ గతి లేదా నీకు? తీస్కపో, అన్నీ తీస్కపో," అంది.

తీసుకొని వచ్చేశాను. గేటులో నన్ను దులిపారు. గుట్ట ఎక్కేదాకా వెనక్కి చూడలేదు.

ఈతల నెల, శనివారం

చాలా రోజులుగా చిట్టాకు ఏమీ చెప్పలేదు. గొర్రెలతో మాట్లాడీ మాట్లాడీ మనుషుల మాట మరిచిపోయేట్టున్నాను. పొద్దున గొర్రెపిల్లను ఎత్తబోతే మణికట్టులో టక్కుమంది. వాపు దిగలేదు.

మధ్యాహ్నం గొర్రెల కాపరి మొండయ్య ఊరి నుంచి వచ్చాడు. నాతో మాట్లాడకూడదు, అయినా మాట్లాడతాడు. అతని నోరు ఊరుకోదు.

"నీ బిడ్డ కన్నది. ఆడపిల్ల. మంచిగనే ఉన్నరు ఇద్దరు."

నేను గడ్డిలో కూర్చుండిపోయాను. "గిర్నికి పోతున్నదా?"

"పిల్లను జోలెల ఏసుకొని పోతున్నది. మస్తు దగ్గుతున్నది గని. గేటు దాక ఇనవడుతది."

దగ్గుతోంది. అంటే దుమ్ము నోట్లోకి పోతోంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. మొండయ్య నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

"నవ్వుతున్నవేంది? నీ పేరెత్తితే తిడుతున్నది నిన్ను. ఊరంతా ఇనేటట్టు తిడుతున్నది."

"పండుకొని తిడుతున్నదా, నిలవడి తిడుతున్నదా?"

మొండయ్యకు అర్థం కాలేదు. కొంచెం ఆలోచించి చెప్పాడు. "నిలవడే. గిర్ని మెట్ల మీద నిలవడి, ఇంత సంచి నెత్తి మీద పెట్టుకొని తిడుతున్నది."

"అయితే తిట్టనియ్యి," అన్నాను.

అతను వెళ్లిపోయాక చాలాసేపు ఏడ్చాను. తర్వాత లేచి, మంచి చేత్తో గొర్రెలను దొడ్లోకి తోలాను.